పెద్దపేగు క్యాన్సర్ కుడివైపా, ఎడమవైపా? తరచుగా అడిగే ప్రశ్నలు

రిపోర్టులో "కుడివైపు" అన్న మాట కనపడగానే చాలామంది ఇంటర్నెట్‌లో వెతుకుతారు, వెతగ్గానే "కుడివైపుదైతే కష్టం" అన్న వాక్యం దొరుకుతుంది, ఇక ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఆ మాటలో కొంత నిజముంది. కానీ ఏ స్టేజ్‌లో, ఎలాంటి గడ్డకు, ఎంతవరకు నిజమో చెప్పకుండా వదిలేస్తే అది భయపెట్టడం తప్ప ఇంకేమీ చేయదు. మళ్లీ మళ్లీ వస్తున్న సందేహాలను అందుకే ఒకచోట పెట్టాను, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ట్రీట్‌మెంట్ నిర్ణయం మాత్రం మీ కేసు చూస్తున్న డాక్టర్‌తో కూర్చుని మాట్లాడాకే తీసుకోండి.

## రిపోర్ట్ చేతికి వచ్చినప్పుడు

కుడివైపు, ఎడమవైపు అంటే ఎక్కడి నుంచి ఎక్కడిదాకా?

పెద్దపేగు సుమారు మీటరున్నర పొడవుంటుంది. పొట్ట కింద కుడి మూలన సీకమ్ దగ్గర మొదలై పైకి వెళ్లేది అసెండింగ్ కోలన్. లివర్ కింద మలుపు తిరిగి అడ్డంగా సాగేది ట్రాన్స్‌వర్స్, ప్లీహం దగ్గర ఇంకో మలుపు తిరిగి కిందికి దిగేది డిసెండింగ్, ఆ తర్వాత వంకర తిరిగిన సిగ్మాయిడ్, చివర రెక్టమ్. ప్లీహం దగ్గరి మలుపుకు ముందున్నది కుడివైపు, ఆ మలుపు నుంచి కిందికి ఉన్నది ఎడమవైపు అని ఎక్కువగా లెక్కేస్తారు. ఈ కుడి ఎడమలు పేషెంట్‌వి. సీటీ బొమ్మలో పేషెంట్ కుడివైపు మనకు ఎడమచేతి వైపు కనపడుతుంది, కాబట్టి ఫిల్మ్ చూసి మీరే తేల్చేసుకోకుండా రిపోర్టులో రాసిన భాగం పేరు చూడండి.

ఒకే పేగు కదా, రెండు వైపులకీ అంత తేడా ఎందుకు?

తల్లి కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడే ఈ రెండు భాగాలూ వేర్వేరు చోట్ల నుంచి వస్తాయి. సీకమ్ నుంచి ట్రాన్స్‌వర్స్‌లో మూడింట రెండు వంతుల దాకా పిండంలోని మధ్య పేగు నుంచి, మిగతాది వెనక పేగు నుంచి ఏర్పడుతుంది. అందుకే రక్తం తెచ్చే ధమనులు కూడా వేరు. లోపల పెరిగే బ్యాక్టీరియా, అక్కడికి చేరే పైత్యరసం కూడా ఒకేలా ఉండవు.

ఇవన్నీ నేపథ్యం. పేషెంట్‌కి జరిగేదాన్ని మార్చేది గడ్డలోని జన్యువుల తేడా. ఎడమవైపు గడ్డలు ఎక్కువగా మామూలు పాలిప్స్ (పేగు లోపలి పొర మీద పుట్టే బుడిపెలు) నుంచి, ఏపీసీ, టీపీ53 లాంటి జన్యువులు చెడిపోవడం వల్ల వస్తాయి. కుడివైపు చదునుగా ఉండే సెరేటెడ్ పాలిప్స్ నుంచి వచ్చేవి ఎక్కువ, వాటిలో బీరాఫ్ అనే జన్యువులో మ్యుటేషన్ (మార్పు), ఎంఎస్ఐ-హై అనే లక్షణం (డీఎన్ఏ తప్పులను సరిచేసే వ్యవస్థ పాడవడం, కింద వివరంగా ఉంది) తరచుగా కనిపిస్తాయి. ఇవి రెండు వేర్వేరు జబ్బులు కావచ్చన్న ఆలోచన వైద్య పత్రికల్లో 1990లోనే వచ్చింది. అయితే ప్లీహం దగ్గర గోడ కట్టినట్టు అటొక జబ్బు, ఇటొక జబ్బు అనుకోకండి. 2012లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో ఈ లక్షణాలు రెక్టమ్ నుంచి అసెండింగ్ కోలన్ వైపు వెళ్లేకొద్దీ మెల్లమెల్లగా పెరుగుతూ పోవడం కనిపించింది.

ట్రాన్స్‌వర్స్ కోలన్‌లో ఉందన్నారు. ఇది ఏ లెక్కలోకి వస్తుంది?

చాలా పరిశోధనల్లో కుడివైపు కిందే వేశారు, కొన్నింటిలో మాత్రం గందరగోళం ఎందుకని ఈ భాగాన్ని లెక్కలోంచే తీసేశారు. అంటే కుడి, ఎడమ అంకెలు నడుమ ఉన్న గడ్డకు అంత గట్టిగా అతకవు. మీ విషయంలో పేరు ఏదైనా, జన్యు పరీక్షల రిపోర్టే ఎక్కువ చెబుతుంది.

రెక్టమ్‌లో ఉంటే ఎడమవైపు కిందే లెక్కా?

మందుల పరిశోధనల్లో అవును, ఎక్కువగా ఎడమవైపుతో కలిపే లెక్కేశారు. కానీ ట్రీట్‌మెంట్‌లో రెక్టమ్ దారి వేరు. అది ఇరుకైన కటి భాగంలో ఉంటుంది కాబట్టి, గడ్డ కొంచెం లోతుగా పాకితే సర్జరీకి ముందే రేడియేషన్, కీమో ఇవ్వాల్సి రావచ్చు, కోలన్‌లో మామూలుగా రేడియేషన్ మాటే రాదు. రెక్టమ్ కింది భాగం నుంచి రక్తం లివర్‌ను తప్పించుకుని నేరుగా పెద్ద సిరల్లోకి వెళ్తుంది, అందుకే అక్కడి క్యాన్సర్ లివర్‌లో ఏమీ లేకుండానే ఊపిరితిత్తుల్లో కనిపించే అవకాశం కూడా ఉంది.

మోషన్‌లో రక్తం ఎప్పుడూ కనపడలేదు, నొప్పి లేదు. మరి ఇంత పెద్ద గడ్డ ఎలా పెరిగింది?

కుడివైపు గడ్డల పద్ధతే అది. అక్కడ పేగు వెడల్పుగా ఉంటుంది, లోపల మలం ఇంకా నీళ్లగానే ఉంటుంది, కాబట్టి గడ్డ పెరిగినా దారి మూసుకుపోదు. రక్తం కొద్దికొద్దిగా కారుతుంది, మలంలో కలిసిపోయి కంటికి కనపడదు. చివరికి మనిషికి తెలిసేది నీరసం, మెట్లెక్కితే ఆయాసం. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్, ఐరన్ తగ్గి ఉంటాయి.

ఎడమవైపు పేగు సన్నం, మలం గట్టిగా ఉంటుంది, అందువల్ల మలబద్ధకం, మోషన్ సన్నగా రావడం, ఎర్రటి రక్తం, ఒక్కోసారి పూర్తిగా అడ్డుపడటం, ఇలా ఏదో ఒకటి ముందే ఇబ్బంది పెడుతుంది. యాభై దాటినవాళ్లలో, ముఖ్యంగా మగవాళ్లలోనూ నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలోనూ, ఐరన్ తగ్గితే మాత్రలు ఇచ్చి పంపేయడం సరిపోదు, ఐరన్ ఎక్కడికి పోతోందో వెతకాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం గట్టిగా పట్టుబట్టండి, డాక్టర్ని అడిగి కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపలంతా చూసే పరీక్ష) దాకా వెళ్లండి.

కొలనోస్కోపీ చేయించి ఎన్నో ఏళ్లు కాలేదు, అప్పుడు ఏమీ లేదన్నారు. ఇప్పుడిది ఎలా వచ్చింది?

కొలనోస్కోపీ రెండు వైపులా సమానంగా కాపాడదు. ఎడమవైపు క్యాన్సర్ మరణాలను అది బాగా తగ్గిస్తుందనీ, కుడివైపు ఆ మేలు తక్కువనీ 2009 నుంచీ పరిశోధనలు చెబుతున్నాయి. సెరేటెడ్ పాలిప్స్ చదునుగా, చుట్టూ ఉన్న పొర రంగులోనే, పైన జిగురు కప్పుకుని ఉంటాయి, పేగు పూర్తిగా శుభ్రం కాకపోతే అనుభవం ఉన్న కంటికి కూడా చిక్కవు. కొన్ని కుడివైపు పాలిప్స్, ముఖ్యంగా ఎంఎస్ఐ-హై దారిలో వెళ్లేవి, క్యాన్సర్‌గా మారడానికి తక్కువ సమయం తీసుకుంటాయి కూడా. కాబట్టి ఎవరో నిర్లక్ష్యం చేశారని వెంటనే అనుకోనక్కర్లేదు.

ఇంట్లో మిగతావాళ్లు ఈ పరీక్ష చేయించుకునేటప్పుడు మాత్రం రెండు విషయాలు గుర్తుంచుకోండి. పేగు శుభ్రం చేసే మందు సగం ముందురోజు రాత్రి, సగం పరీక్ష రోజు పొద్దున తాగే పద్ధతిలో కుడివైపు బాగా శుభ్రమవుతుంది. పరీక్ష అయ్యాక స్కోప్ సీకమ్ దాకా వెళ్లిందా, పేగు శుభ్రంగా ఉందా అని రిపోర్టులో చూసుకోండి. కొద్దిదూరమే వెళ్లే సిగ్మాయిడోస్కోపీ అయితే కుడివైపును అసలు చూడనే చూడదు.

## స్టేజ్ తెలిశాక, సర్జరీ ముందూ తర్వాతా

నాన్నకి కుడివైపు. బతికే అవకాశం తక్కువేనా? సూటిగా చెప్పండి.

అందరినీ కలిపి చూస్తే, అవును, కొంత తక్కువ. 2017లో 66 పరిశోధనలను, 14 లక్షల మందికి పైగా పేషెంట్ల లెక్కలను కలిపి చూసినప్పుడు ఎడమవైపు వాళ్లకు చనిపోయే ముప్పు కుడివైపు వాళ్లతో పోలిస్తే 18 శాతం తక్కువగా ఉన్నట్టు తేలింది. ఇది రెండు గుంపుల ముప్పును పక్కపక్కన పెట్టి పోల్చిన అంకె. కుడివైపు ఉన్న ప్రతి వందమందిలో 18 మంది అదనంగా పోతారని దీని అర్థం కాదు.

ఇప్పుడు స్టేజ్‌ను ముందు పెట్టి చూడండి. అమెరికా జాతీయ లెక్కల్లో కోలన్ క్యాన్సర్ పేగు దాటకముందే దొరికితే అయిదేళ్లు బతికేవాళ్లు సుమారు 90 శాతం, పక్కనున్న లింఫ్ నోడ్స్ (శోషరస గ్రంథులు) దాకా వెళ్తే 70 శాతం పైన, దూరపు అవయవాలకు పాకితే 15 శాతం లోపు. ఈ తేడా ముందు కుడి ఎడమల తేడా చాలా చిన్నది. పైగా అన్ని స్టేజ్‌లలో కుడివైపే వెనకబడదు. 2011లో అమెరికాలోని పెద్ద వయసు పేషెంట్ల లెక్కలు తీస్తే, స్టేజ్ 2లో (గోడలో లోతుగా వెళ్లినా నోడ్స్‌కు చేరనిది) కుడివైపు వాళ్లే కొద్దిగా మెరుగ్గా ఉన్నారు, స్టేజ్ 3లో (నోడ్స్‌కు చేరినది) కొద్దిగా వెనకబడ్డారు. తేడా బాగా పెద్దదయ్యేది స్టేజ్ 4లో (దూరపు అవయవాలకు పాకినది).

ఇంకో సంగతి. కుడివైపు క్యాన్సర్ వచ్చేవాళ్లలో వయసు పైబడినవాళ్లు, ఆడవాళ్లు ఎక్కువ, ఆలస్యంగా బయటపడేవి కూడా ఎక్కువ. వీటిని లెక్కలోంచి తీసేసినా కొంత తేడా మిగులుతుంది, అది ఎక్కువగా జన్యువుల వల్ల. అంటే నాన్న గడ్డలో ఆ చెడ్డ మార్పులు ఉన్నాయో లేవో తెలియకముందే కుడివైపు అన్న ఒక్క మాట పట్టుకుని ఆశ వదులుకోవడం అన్యాయం.

సర్జరీలో తేడా ఏంటి? బయట బ్యాగ్ పెడతారా?

కుడివైపుదైతే చిన్నపేగు చివర కొంచెం, సీకమ్, అసెండింగ్ కోలన్ కలిపి తీసేసి, చిన్నపేగును మిగిలిన పెద్దపేగుకు కుట్టేస్తారు. ముందుగా ప్లాన్ చేసుకున్న సర్జరీలో పొట్ట బయట మలం చేరే బ్యాగ్ అవసరం చాలా అరుదు. ఎడమవైపు కూడా మామూలుగా ఒకేసారి కలిపేస్తారు, కానీ పేగు అడ్డుపడి ఎమర్జెన్సీలో వచ్చినవాళ్లకు తాత్కాలికంగా బ్యాగ్ పెట్టాల్సి రావచ్చు. ఏ వైపైనా తీసిన పేగు ముక్కను పరీక్షించి ఇచ్చే పాథాలజీ రిపోర్టులో కనీసం 12 లింఫ్ నోడ్స్ పరీక్షించారా అని చూడండి. అంతకంటే తక్కువ చూస్తే స్టేజ్‌ను నమ్మకంగా చెప్పలేరు.

ఎంఎస్ఐ టెస్ట్ అంటున్నారు. అది అంత అవసరమా?

అవసరం, అందులో సందేహం లేదు. కణం విడిపోయేటప్పుడు డీఎన్ఏలో పడే తప్పులను సరిచేసే వ్యవస్థ పాడైతే ఆ గడ్డను ఎంఎస్ఐ-హై అంటారు. మొత్తం కోలన్ క్యాన్సర్లలో ఇవి సుమారు 15 శాతం, వాటిలో ఎక్కువ భాగం కుడివైపువే. తప్పులు పేరుకుపోయిన ఈ కణాలు శరీరపు రక్షణ వ్యవస్థకు పరాయివాళ్లలా కనపడతాయి, అందుకే స్టేజ్ 2లో ఇవి ఉన్నవాళ్లు బాగా కోలుకుంటారు, ఒంటరిగా ఇచ్చే 5-ఎఫ్‌యూ రకం కీమో వల్ల వాళ్లకు ఒరిగేది కూడా లేదు. స్టేజ్ 2లో కుడివైపు వాళ్లు మెరుగ్గా కనపడటానికి ఒక పెద్ద కారణం ఇదే.

పాకిన దశలో కూడా ఈ రిపోర్ట్ దారి మార్చేస్తుంది. కీనోట్-177 అనే ట్రయల్‌లో ఎంఎస్ఐ-హై ఉన్నవాళ్లకు మొదటి మందుగా పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ (శరీరపు రక్షణ వ్యవస్థనే గడ్డ మీదికి పంపే మందు) ఇస్తే జబ్బు ముదరకుండా ఆగిన కాలం 16.5 నెలలు, కీమోతో 8.2 నెలలు. సర్జరీకి ముందే ఇమ్యునోథెరపీ ఇచ్చిన నిచె-2 ట్రయల్‌లో, ఇంకా పాకని గడ్డలున్నవాళ్లలో 68 శాతం మందికి తీసిన పేగు ముక్కలో క్యాన్సర్ కణం ఒక్కటి కూడా మిగల్లేదు. బయాప్సీ ముక్క మీదే ఈ టెస్ట్ చేయొచ్చు, కాబట్టి సర్జరీ డేట్ తీసుకోకముందే అడగండి.

స్టేజ్ 3, కుడివైపు. కీమో ఎక్కువ రోజులు ఇస్తారా?

లేదు. స్టేజ్ 3లో కీమో ఎంతకాలం అన్నది గడ్డ ఎంత లోతుకు వెళ్లింది, ఎన్ని నోడ్స్‌కు చేరింది అనేదాన్ని బట్టి ఉంటుంది, వైపును బట్టి కాదు. ముప్పు తక్కువున్నవాళ్లకు మూడు నెలలు, ఎక్కువున్నవాళ్లకు ఆరు నెలల దాకా, మందుల కలయికను బట్టి నిర్ణయిస్తారు. కుడివైపు కదా అని ఎవరైనా అదనంగా మందులు చేర్చమంటే ఆధారం ఏంటని అడగండి. సెటుక్సిమాబ్ లాంటి మందులు (ఇవి ఎలా పనిచేస్తాయో కింద ఉంది) ఈ దశలో ఏ వైపు వాళ్లకూ ఉపయోగపడలేదు.

## వేరే అవయవాలకు పాకినప్పుడు

స్టేజ్ 4లో డాక్టర్ మొదట అడిగింది ఏ వైపు అనే. ఎందుకు?

వైపును బట్టి మందు మారే దశ ఇదే కాబట్టి. 2016లో బయటికి వచ్చిన ఒక అమెరికా ట్రయల్ విశ్లేషణ అందరినీ కదిలించింది. ఒకే ట్రయల్, ఒకే రకం మందులు, అయినా ఎడమవైపు వాళ్లలో సగం మంది 33.3 నెలలు దాటి బతికారు, కుడివైపు వాళ్లలో ఆ అంకె 19.4 నెలలు. మందుల వారీగా విడదీస్తే విషయం ఇంకా స్పష్టమైంది. కీమోతో పాటు సెటుక్సిమాబ్ తీసుకున్నవాళ్లలో ఎడమవైపు 36 నెలలైతే కుడివైపు 16.7 నెలలే. గడ్డకు కొత్త రక్తనాళాలు రాకుండా అడ్డుకునే బెవసిజుమాబ్ అనే మందు తీసుకున్నవాళ్లలో ఎడమ 31.4, కుడి 24.2. అంటే ఎడమవైపు మేలు చేసిన మందే కుడివైపు పనికిరాలేదు.

ఇవి మధ్య అంకెలు, సగం మంది అంతకంటే ఎక్కువ కాలం ఉన్నారని దయచేసి గుర్తుంచుకోండి. ఎవరి గడువూ ఇవి చెప్పవు. ఆ తర్వాత మందులు కూడా మారాయి.

అమ్మకి రాస్ టెస్ట్ నార్మల్ వచ్చింది. అయినా సెటుక్సిమాబ్ వద్దంటున్నారు, మోసం చేస్తున్నారా?

కుడివైపుదైతే డాక్టర్ చెప్పింది సరైనదే. సెటుక్సిమాబ్, పానిటుముమాబ్ అనేవి కణం మీదుండే ఈజీఎఫ్ఆర్ అనే ద్వారాన్ని మూస్తాయి. రాస్ జన్యువు చెడిపోయి ఉంటే ద్వారం మూసినా లాభం లేదు, అందుకే ఆ టెస్ట్. కానీ కుడివైపు గడ్డలు రాస్ బాగున్నా కూడా ఆ ద్వారం మీద అంతగా ఆధారపడవు, అందువల్ల మొదటి ట్రీట్‌మెంట్‌గా ఈ మందులు వాళ్ల ఆయుష్షు పెంచలేదు. చర్మం మీద దద్దుర్లు, మెగ్నీషియం పడిపోవడం లాంటి ఇబ్బందులు మాత్రం ఎవరికైనా ఉంటాయి. వీళ్లకు ఎక్కువగా కీమోతో బెవసిజుమాబ్ ఇస్తారు, ఆరోగ్యం గట్టిగా ఉన్నవాళ్లకు మూడు కీమో మందులు కలిపిన పద్ధతి గురించి కూడా ఆలోచిస్తారు.

ఎడమవైపు, రాస్ నార్మల్ అయితే లెక్క తిరగబడుతుంది. జపాన్‌లో జరిగిన పారడైమ్ ట్రయల్‌లో ఎడమవైపు వాళ్లు బతికిన కాలం మధ్య అంకె పానిటుముమాబ్‌తో 37.9 నెలలు, బెవసిజుమాబ్‌తో 34.3 నెలలు. ఎడమవైపు ఉండి కూడా రాస్, బీరాఫ్, ఎంఎస్ఐ టెస్టులు చేయకుండా కీమో మొదలుపెడుతుంటే, అడగాల్సిన మాట అడగండి.

బీరాఫ్ పాజిటివ్ వచ్చింది. మరి కుడివైపు వాళ్లకు పనిచేయని సెటుక్సిమాబే ఇస్తామంటున్నారు!

ఈ టెన్షన్ చాలామందికి వస్తుంది, కానీ ఇక్కడ సెటుక్సిమాబ్ ఒంటరిగా రావడం లేదు. బీరాఫ్ వి600ఇ మార్పు ఉన్న గడ్డను ఎంకోరాఫెనిబ్ అనే మాత్రతో అణిచేస్తే, కణం వెంటనే ఈజీఎఫ్ఆర్ దారిని తెరుచుకుని తప్పించుకుంటుంది. ఆ దారి మూయడానికే సెటుక్సిమాబ్, కాబట్టి ఇక్కడ వైపుతో పనిలేదు. ఒకప్పుడు ఈ మార్పు ఉన్నవాళ్ల పరిస్థితి చాలా కష్టంగా ఉండేది. బ్రేక్‌వాటర్ ట్రయల్‌లో ఈ రెండింటినీ కీమోతో కలిపి మొదటి నుంచే ఇస్తే మధ్య అంకె 30.3 నెలలు, పాత పద్ధతిలో 15.1 నెలలు. 2025లో వచ్చిన ఫలితం ఇది. పాత వ్యాసాల్లోని అంకెలు చదివి కుంగిపోవద్దని ఎందుకు అంటానంటే ఇందుకే.

కుడివైపుది ఎక్కడికి పాకుతుంది? లివర్‌లో ఉన్నదాన్ని తీయించవచ్చా?

లివర్‌కు రెండు వైపులవీ పాకుతాయి. ఎడమవైపువి లివర్, ఊపిరితిత్తుల్లో మచ్చలుగా ఆగడం ఎక్కువ, కుడివైపువి కడుపు లోపలి పొర మీద చల్లినట్టు వ్యాపించడం ఎక్కువ, దాన్ని స్కాన్‌లో పట్టుకోవడమూ కష్టమే. లివర్ సర్జరీ తర్వాత కూడా కుడివైపు వాళ్లకు సగటున ఫలితం కొంత తక్కువ. అయినా తీయడానికి వీలున్న మచ్చలను వైపు చూసి వదిలేయరు. లివర్ సర్జన్ చూడకుండానే "తీయలేం" అన్న మాట వస్తే, ఇంకొక అభిప్రాయం తీసుకోండి.

## ట్రీట్‌మెంట్ అయిపోయాక

కుడివైపు పేగు తీసేశారు, రోజుకి నాలుగైదు సార్లు నీళ్ల విరేచనాలు. ఇంక ఇంతేనా?

మొదటి నెలల్లో ఇది మామూలే, చాలామందికి తగ్గిపోతుంది. తగ్గకపోతే కారణం తరచుగా పైత్యరసం. చిన్నపేగు చివరి భాగం దాన్ని తిరిగి పీల్చుకోవాలి, ఆ భాగం పోయింది కాబట్టి అది పెద్దపేగులోకి జారి నీళ్ల విరేచనాలు తెస్తుంది. దీనికి కొలెస్టిరమైన్ లాంటి మందులున్నాయి, డాక్టర్‌కు చెప్పకుండా భరించకండి. చిన్నపేగు ఎక్కువ పొడవు తీసి ఉంటే బి12 కూడా చూపించుకోండి.

కుడివైపు వాళ్లకు ఫాలో అప్ ఎక్కువ సార్లు ఉంటుందా?

ఉండదు, అందరికీ దాదాపు ఒకటే. మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి సీఈఏ అనే క్యాన్సర్ సూచిక కోసం రక్తపరీక్ష, అయిదేళ్ల దాకా క్రమంగా సీటీ, సర్జరీ అయిన ఏడాదికి కొలనోస్కోపీ. తిరగబెట్టేవి ఎక్కువగా మొదటి మూడేళ్లలోనే బయటపడతాయి.

చేతనైనంత వ్యాయామం కూడా ట్రీట్‌మెంట్‌లో భాగమే అని నా గట్టి నమ్మకం, దానికి ఇప్పుడు ఆధారం కూడా ఉంది. 2025లో వచ్చిన ఛాలెంజ్ ట్రయల్‌లో కీమో అయ్యాక మూడేళ్లు శిక్షకుల సాయంతో వ్యాయామం చేసినవాళ్లలో అయిదేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు 80.3 శాతం, సలహా పుస్తకం మాత్రమే తీసుకున్నవాళ్లలో 73.9 శాతం.

నాకు కుడివైపు వచ్చింది. మా పిల్లలకీ వస్తుందా?

ఎక్కువమందిలో ఇది వంశపారంపర్యం కాదు. కానీ లించ్ సిండ్రోమ్ అనే వారసత్వ లోపం వల్ల వచ్చేవి కోలన్ క్యాన్సర్లలో సుమారు 3 శాతం, అవి కుడివైపు, చిన్న వయసులో రావడం ఎక్కువ. ఎంఎస్ఐ-హై వచ్చినంత మాత్రాన లించ్ అనుకోకండి. వయసు మీదపడ్డాక డీఎన్ఏ తప్పులు సరిచేసే ఎంఎల్‌హెచ్1 జన్యువు దానంతటదే పనిచేయడం ఆపేయడం వల్ల కూడా అది వస్తుంది, అలాంటి గడ్డలో బీరాఫ్ మార్పు కూడా ఉంటే లించ్ అవకాశం చాలా తక్కువ. అనుమానం మిగిలితే మీ రక్తం మీద జన్యు పరీక్ష చేస్తారు.

లించ్ అని తేలితే ఒక్కో బిడ్డకు ఆ జన్యువు వచ్చే అవకాశం సగం. అది ఉన్న పిల్లలకు సాధారణంగా 20, 25 ఏళ్ల మధ్య మొదలుపెట్టి ఏడాది రెండేళ్లకోసారి కొలనోస్కోపీ చేస్తారు, ఆడపిల్లలైతే గర్భాశయ క్యాన్సర్ గురించి కూడా మాట్లాడాలి. లించ్ లేకపోయినా తోబుట్టువులూ పిల్లలూ 40 ఏళ్లకు, లేదా మీకు జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెట్టాలి. మీ పాథాలజీ రిపోర్ట్ కాపీ ఒకటి వాళ్ల దగ్గర ఉంచండి, రేపు వాళ్ల డాక్టర్ మొదట అడిగేది అదే.